‘రన్’ అంటే పరుగేనా?

ఇంగ్లీషులోని పెద్ద మాటలు అనువాదకుణ్ణి అంతగా బాధించవు. పెద్ద మాట ఎదురైతే నిఘంటువు తీస్తాం, అర్థం వెదుకుతాం, తెలిసినవాళ్ళని అడుగుతాం. ఏదో ఒకటి తేలుతుంది. బాధించేవి చిన్న మాటలు. గెట్, సెట్, టేక్, పుట్, రన్ - ఇవి ఒకటో తరగతి పిల్లవాడికి కూడా వచ్చు. కాబట్టి వీటికోసం ఎవరూ నిఘంటువు తియ్యరు. తెలుసుననుకున్న మాట దగ్గరే మనం జారిపడతాం.

రాష్ట్రం వెలుపలి తెలుగువాళ్ళు చేసిన అనువాదాలు కొన్నేళ్ళుగా చదువుతూ వస్తున్నాను. కథలున్నాయి, వ్యాసాలున్నాయి, పిల్లల పుస్తకాలున్నాయి. శ్రద్ధకు లోటు లేదు, భాషాభిమానానికి అసలే లోటు లేదు. అయినా ఇటువంటి వాక్యాలు కనిపిస్తూనే ఉంటాయి: “కాలువ పక్కనే రోడ్డు పరుగెడుతోంది.” “ఆమె ఒంటరిగా ఇంటిని పరుగెత్తించింది.” “ఆ ఊరికి రోజుకు రెండు బస్సులు పరుగెడతాయి.” వీటిలో వ్యాకరణదోషం వెదికినా దొరకదు. కర్త ఉన్నాడు, క్రియ ఉంది, విభక్తులు సరిగానే ఉన్నాయి. కాని తెలుగు ఇంట పుట్టిన ఏ ముసలమ్మా ఇలా మాట్లాడదు. తప్పు ఎక్కడుందో చూపడానికి ‘రన్’ అనే ఒక్క మాటను పట్టుకుని కొంత దూరం పోయి చూద్దాం.

ముందు ఇంగ్లీషువాళ్ళ సంగతి. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు ప్రకటించినప్పుడు ‘టేక్’ అనే క్రియకు 134 అర్థాలు రాశాడు. ఆక్స్‌ఫర్డు వారి పెద్ద నిఘంటువు 1884 నుంచి భాగాలుగా వెలువడి 1928లో పూర్తయింది. దాని రెండవ కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన మాట ‘సెట్’. క్రియగా దానికి 430 అర్థాలు. ఆ తరువాత నిఘంటువును మళ్ళీ సరిచూస్తూ వచ్చిన సంపాదకులు ‘రన్’ దగ్గరికి చేరేసరికి లెక్క తారుమారైంది. క్రియగా ‘రన్’కు 645 అర్థాలు తేలాయని 2011లో వెల్లడైంది. ఆ ఒక్క మాట సర్దడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది.

ఒక మాట ఇంత లావు కావడానికి కారణం ఏమిటి? మనిషి కాళ్ళతో పరుగెత్తడం దాని మొదటి అర్థం. తరువాత నీళ్ళకు వాడారు. గడియారాలు వచ్చాయి, రైళ్ళు వచ్చాయి, మరలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. కొత్తది ఏది కదిలినా ఇంగ్లీషువాళ్ళు కొత్త క్రియ పుట్టించుకోలేదు, ఉన్న ‘రన్’నే దాని మెడకు తగిలించారు. కదలనివాటిని కూడా వదిలిపెట్టలేదు. కంచె ‘రన్’ అవుతుంది, రోడ్డు ‘రన్’ అవుతుంది, ఒప్పందం రెండేళ్ళు ‘రన్’ అవుతుంది. అది వాళ్ళ భాష తీరు. దాన్ని తప్పుపట్టవలసిన పని మనకు లేదు.

మరి తెలుగు ఏం చేసింది? తెలుగులో ఈ పని అంతా ఒక్క మాట మీద పడలేదు. పది పన్నెండు క్రియలు పంచుకున్నాయి. ఆ పంపకంలో ఒక పద్ధతి ఉంది. నిఘంటువులలో రాయకపోయినా మాట్లాడేవాడికి తెలిసిన పద్ధతి అది.

వేగం ముఖ్యమైతే పరుగు. కుర్రాడు పరుగెత్తాడు, గుర్రం దౌడు తీసింది. ధరలు పరుగెత్తుతున్నాయంటే కూడా మనకు ఎబ్బెట్టుగా ఉండదు, ఎందుకంటే అక్కడ చెప్పదలచింది వేగాన్నే. కొత్త లైను మీద రైలు పరుగులు తీసిందని పత్రికలు రాస్తే అదీ సరే. వేగంతో పని లేక, వేళకు రావడం పోవడం ముఖ్యమైతే నడుచు, తిరుగు. ఆ ఊరికి రోజుకు రెండు బస్సులు నడుస్తాయి, లేదా తిరుగుతాయి. బస్సు ఎంత వేగంగా పోయినా సరే, ఆ మాట చెప్పేటప్పుడు తెలుగులో బస్సు నడవవలసిందే. గడియారం నడుస్తుంది, బడి నడుస్తుంది, పత్రిక నడుస్తుంది, జాతకంలో శని నడుస్తుంది.

ద్రవమైతే పారు, కారు. ఈ రెండూ ఒకటి కావు. ఏరు పారుతుంది, కాలువ పారుతుంది. ముక్కు కారుతుంది, చెమట కారుతుంది, ఇంటికప్పు కారుతుంది. పారడంలో నిండుతనం ఉంది, ఒక దారి ఉంది. కారడంలో లోపల నిలవవలసింది బయటికి రావడం ఉంది. ఇంగ్లీషులో ఏరుకూ ముక్కుకూ ఒకే క్రియ సరిపోయింది. మనకు సరిపోదు. మనిషి పరుగును కూడా మన పాతవాళ్ళు ‘పారు’ అన్నారు. ఆ అర్థం ఇప్పుడు విడిగా వాడుకలో లేదు గాని ‘పారిపోవు’ అన్నప్పుడు బతికే ఉంది. నీళ్ళు పారడానికీ దొంగ పారిపోవడానికీ చుట్టరికం ఉందని రోజూ ఆ రెండు మాటలూ వాడుతూనే మనం మరిచిపోయాం.

కదలకుండా పొడుగునా ఉండేదైతే సాగు, పోవు. రోడ్డు కాలువ వెంబడి పోతుంది. తీగైతే పాకుతుంది, పుకారు కూడా పాకుతుంది. ఒంట్లో జ్వరం కాస్తుంది. పత్రం ఫలానా తేదీ వరకు చెల్లుతుంది. కలం ఎత్తకుండా రాసే రాత గొలుసుకట్టు. దారిలో మనిషి తగిలితే ఎదురుపడ్డాడంటాం. ‘ఇన్ ద లాంగ్ రన్’ అని ఇంగ్లీషువాడు అన్నచోట మన పెద్దవాళ్ళు “పోను పోను” అనో “రాను రాను” అనో అంటారు. పోవడం, రావడం రెండూ ఒకే అర్థం ఇవ్వడం వింతే. కాలం మన దగ్గరికి వస్తోందనుకున్నా, మనమే కాలంలోకి పోతున్నామనుకున్నా చేరే చోటు ఒకటే కాబోలు.

ఎన్నికల మాట మరీ తమాషాగా ఉంటుంది. అమెరికాలో అధ్యక్ష పదవికి ‘రన్’ అవుతారు. బ్రిటన్‌లో పార్లమెంటుకు ‘స్టాండ్’ అవుతారు. మనవాడు పంచాయతీకైనా పార్లమెంటుకైనా నిలబడతాడు. ఈ విషయంలో మన క్రియ బ్రిటిషువాళ్ళ క్రియతో కలిసింది. అమెరికా వార్త అనువదించేటప్పుడు “అధ్యక్ష పదవికి పరుగెత్తుతున్నాడు” అని రాస్తే చదివేవాడికి నవ్వు వస్తుంది. నిలబడ్డాడు, పోటీ చేస్తున్నాడు - ఇవి మనకు ఎప్పటినుంచో ఉన్నవే.

క్రికెట్టులో మాత్రం ‘రన్’ను పత్రికలవాళ్ళు ధైర్యంగా ‘పరుగు’ చేశారు, అది నిలిచింది. వికెట్టు వికెట్టుగానే ఉండిపోయినా పరుగు తెలుగైంది. పిచ్ మీద మనుషులు నిజంగా పరుగెత్తుతుంటే కళ్ళారా చూస్తున్నాం గనుక ఆ మాట అతికింది. బంతి గీత దాటితే ఎవరూ పరుగెత్తకుండానే నాలుగు పరుగులు వస్తాయి, అది వేరే విషయం. మాట ఒకసారి కుదురుకున్నాక అటువంటి చిక్కులు దాన్ని ఏమీ చెయ్యలేవు.

ఇక ఇల్లు. నన్నడిగితే అనువాదకుడికి అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఒక ఇంగ్లీషు కథలో భర్త పోయిన స్త్రీ ఒంటరిగా ఇంటిని ‘రన్’ చేసిందని ఉందనుకోండి. తెలుగులో ఏమని రాయాలి? ‘ఇల్లు నడిపింది’ అంటే సమర్థురాలు, చేతిలో పగ్గాలు ఉన్నాయి. ‘ఇల్లు జరుపుకొచ్చింది’ అంటే ఉన్నదానితో సర్దుకుంది. జరుగుబాటు అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. ‘నెట్టుకొచ్చింది’ అంటే బరువు ముందు ఉంది, ఆమె వెనక ఉంది, రోజును తోస్తేగాని కదలలేదు. ‘ఈడ్చుకొచ్చింది’ అంటే బరువు వెనక ఉంది, ఆమె ఎదర ఉంది, ఒంట్లో శక్తి అయిపోవస్తోంది. ‘సంసారం ఈదింది’ అంటే ఒడ్డు కనబడటం లేదు, చేతులు ఆపితే మునగడమే. పూట గడవడం లేదంటే వీటన్నిటికీ కింది మెట్టు.

ఇవి పర్యాయపదాలేనా? నిఘంటువులో పక్కపక్కన రాస్తే పర్యాయపదాలుగానే కనిపిస్తాయి. కాని ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే ఆ స్త్రీ జీవితమే మారిపోతుంది. ఇంగ్లీషు రచయిత ఒక్క చిన్న మాట వేసి ఊరుకున్నాడు. ఆమె కష్టం ఎంతటిదో చుట్టూ ఉన్న వాక్యాలు చెబుతాయి. తెలుగు అనువాదకుడికి ఆ వెసులుబాటు లేదు. క్రియ ఎంచుకునేసరికే ఆమె స్థితి ఏమిటో అతను తేల్చుకుని ఉండాలి. తేల్చుకోవాలంటే కథ మొత్తం చదవాలి, ఆమె వంటింట్లోకి పోయి డబ్బాలు చూడాలి. అందుకే “ఇంటిని పరుగెత్తించింది” అనే వాక్యాన్ని నేను మాట తెలియని తప్పుగా లెక్కవేయను. ఆమె ఎలా బతికిందో ఆలోచించని తప్పు అది.

డబ్బాల మాట వచ్చింది గనుక ఇంకొకటి. బియ్యం ‘రన్ అవుట్’ అయితే తెలుగు ఇల్లాలు “నిండుకున్నాయి” అంటుంది. ఖాళీ అయినదాన్ని నిండిందంటోంది. లేదు అన్నమాట ఇంట్లో పలకకూడదు గనుక. దీపం ఆరిందనడానికి బదులు కొండెక్కిందనడం కూడా ఈ కోవలోనిదే. పిల్లలకు ఈ మాట చెబితే మొదట నవ్వుతారు, తరువాత ఎందుకని అడుగుతారు. ఆ ‘ఎందుకు’కు జవాబు చెప్పడంలో ఒక ఇంటి నడవడి అంతా చెప్పినట్టవుతుంది. “రైస్ అయిపోయింది” అన్నచోట అడగడానికీ చెప్పడానికీ ఏమీ ఉండదు.

‘రన్’ పనిని పంచుకున్న తెలుగు క్రియలలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘ఆడు’. సినిమా వంద రోజులు ఆడుతుంది. గానుగ ఆడుతుంది, పిండి ఆడిస్తాం. ఊపిరి ఆడుతుంది, గాలి ఆడుతుంది. డబ్బు లేకపోతే చెయ్యి ఆడదు, కంగారు పుడితే కాలూ చెయ్యీ ఆడవు. ఇటూ అటూ కదలడం ఈ మాటకు మూలమైన ఊహ అనిపిస్తుంది. ఊపిరి లోపలికీ బయటికీ పోతుంది, గానుగ తిరిగిన చోటే తిరుగుతుంది, సినిమా ఆట వెంట ఆటగా పడుతుంది. మొదటి ఆట, రెండో ఆట అనేవాళ్ళం కదా. మాటాడటం, పోట్లాడటం, వేటాడటం, పెళ్ళాడటం, కొనియాడటం - ఇన్ని మాటలకు తోక కూడా అయింది ఈ క్రియే. మనకూ ఒక ‘రన్’ ఉందంటే అది ‘పరుగెత్తు’ కాదు, ‘ఆడు’. ఇంగ్లీషువాళ్ళు లోకాన్ని పరుగుగా చూసినచోట మనవాళ్ళు ఆటగా చూశారు. రెక్కాడితే గాని డొక్కాడదని సామెత. షోలాపురంలో తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకుని బతికిన పద్మశాలీల ఇళ్ళలో ఈ సామెతకు వ్యాఖ్యానం అక్కరలేదు. ‘రన్’ అనే మాట వేసి ఈ సామెతను ఇంగ్లీషులోకి పంపి చూడండి. రెక్కకూ డొక్కకూ మధ్య ఉన్న ముడి ఊడిపోతుంది.

ఇక్కడిదాకా చెప్పింది ఏ తెలుగువాడికైనా వర్తిస్తుంది. రాష్ట్రం వెలుపల ఉన్న మనకు ఇంకొక చిక్కు ఉంది. మనకు ఇంగ్లీషుతో పాటు పక్కింటి భాష కూడా ఉంది.

తమిళంలో ‘ఓడు’ అంటే పరుగెత్తు. మనిషి ఓడుతాడు, నీళ్ళు ఓడుతాయి, బండి ఓడుతుంది, సినిమా కూడా ఓడుతుంది. ఇంగ్లీషు ‘రన్’ చేసే పనిలో పెద్ద వాటా ఆ ఒక్క క్రియ చేస్తుంది. కన్నడంలోనూ సినిమా బాగా పోతే ‘ఓడింది’ అంటారు. తెలుగులో ఓడడం అంటే గెలవకపోవడం. హోసూరు వైపు పిల్లలు “ఆ సినిమా బాగా ఓడింది” అనడం నేను విన్నాను. వాళ్ళ లెక్కన అది విజయం. గుంటూరు నుంచి వచ్చిన చుట్టం దాన్ని పరాజయం అనుకుంటాడు. ఆడిందా ఓడిందా అన్నది ఒక్క అక్షరం తేడా, అర్థం మాత్రం తలకిందులు. విచిత్రమేమంటే ‘నెత్తురోడుతోంది’ అన్నప్పుడు కారడం అనే అర్థంలో ఆ ‘ఓడు’ మనకూ ఉంది. ఓటికుండ అంటే కారే కుండే.

మహారాష్ట్రలో చిక్కు ఇంకో రకం. మరాఠీలో ‘చాలూ’ అంటే నడుస్తున్నది, మొదలైనది. మన ‘చాలు’ అంటే ఇక ఆపమని. చాలించడం అంటే ముగించడం. మర దగ్గర నిలబడి “చాలూ” అని ఒకరంటే ఇంకొకరు దాన్ని నడపాలో ఆపాలో తేల్చుకోవలసి వస్తుంది. ఒడిశాలో ‘చాలిబా’ అన్న క్రియ మనుషుల నడకకూ బండ్ల నడకకూ కూడా సరిపోతుంది గనుక బరంపురం తెలుగువాళ్ళకు మన ‘నడుచు’ను నిలుపుకోవడం కొంత తేలిక. యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. ఆ ఫ్రెంచిలో కూడా యంత్రం పరుగెత్తదు, నడుస్తుంది. కాళ్ళతో నడవడానికీ మర పనిచెయ్యడానికీ వాళ్ళకు ‘మార్షే’ అనే ఒకే క్రియ. ఇంగ్లీషు ‘రన్’ను చూసి లోకమంతా యంత్రాలు పరుగెత్తుతున్నాయని అనుకోనక్కరలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పక్కభాష నుంచి తెచ్చుకోవడం నేరం కాదు. సరిహద్దులో బతికే భాష అలాగే బతుకుతుంది. ‘అంగడి’ మనదా, కన్నడం వాళ్ళదా, తమిళం వాళ్ళదా అని అడిగి ఎవరూ ఉప్పు కొనరు. అవతలివాళ్ళ మాట మన మాటకు ఎదురు అర్థంతో తగిలినప్పుడే జాగ్రత్త పడాలి. ఏ మాట ఎవరిదో తెలిసి వాడితే రెండు భాషలూ వచ్చినట్టు. తెలియక వాడితే రెండూ సగం సగం.

మరి ఇంగ్లీషు? “షాపు రన్ చేస్తున్నాడు”, “ప్రోగ్రాం రన్ అవుతోంది”, “మోటారు రన్నింగ్‌లో ఉంది.” ఈ వాక్యాలు హైదరాబాదులోనూ ఉన్నాయి, బెంగుళూరులోనూ ఉన్నాయి. ఇంగ్లీషు నామవాచకాలు వచ్చిపడితే నాకు బెంగ లేదు. బస్సు, రైలు, మోటారు - ఇవి వస్తువులతో పాటు వచ్చిన పేర్లు, ఇప్పుడు మనవే. క్రియల సంగతి వేరు. పూర్వం సంస్కృత ధాతువు వస్తే ‘ఇంచు’ చేర్చి మనం చలించాం, ధరించాం. ఉర్దూ మాట వస్తే దబాయించాం, అధికారం చలాయించాం. చలాయించడం కూడా ఒక రకం ‘రన్’ చెయ్యడమే కదా. ఆ మాటలు మన ప్రత్యయాలు తొడుక్కుని మనలో కలిశాయి. ఇంగ్లీషు క్రియ అలా కలవడం లేదు. పచ్చిగా ఉండిపోయి పక్కన ‘చేయు’నో ‘అవు’నో పెట్టుకుంటోంది. రన్ చేయు, సెట్ చేయు, కట్ చేయు, ఓపెన్ చేయు. ఇలా పోతే చివరికి తెలుగు క్రియలు రెండే మిగులుతాయి.

పోనీ ‘రన్’ను తెచ్చుకున్నందుకు దాని 645 అర్థాలూ మనకు వచ్చాయా? రాలేదు. రెండో మూడో వచ్చాయి. ఆ రెండు మూడింటికోసం నడుచు, ఆడు, పారు, జరుగు, సాగు, గడుచు, నెట్టుకొచ్చు వంటి వాటిని పక్కకు నెట్టేస్తున్నాం. బేరం చూస్తే మనకు నష్టమే.

దీనికి మందు పండితులు చెప్పే సంస్కృతం కాదని కూడా అనాలి. ‘రన్నింగ్’ వద్దని ‘ధావనం’ తెస్తే పిల్లవాడు రెండు పరాయి మాటల మధ్య చిక్కుకుంటాడు. కొన్ని పాఠ్యపుస్తకాల భాష పిల్లలను బెదరగొట్టింది ఇందుకే. అమ్మ నోట ‘నడుస్తోంది’ ఉండగా ‘ప్రచలితమవుచున్నది’ ఎవరికోసం?

నిఘంటువుల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. పిల్లల చేతికి వచ్చే చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు ‘రన్’ ఎదుట నాలుగైదు మాటలు రాసి మధ్య కామాలు పెడతాయి. కామా అంటే ఇది గాని అది గాని వాడుకోవచ్చునని పిల్లవాడు అనుకుంటాడు. పారు, నడుచు, ఆడు - వీటిలో ఏది ఎవరితో కలిసి వస్తుందో చెప్పకపోతే ఆ పట్టిక ఉండీ ప్రయోజనం లేదు. మాటకు అర్థం ఒంటరిగా ఉండదు, తోడులో ఉంటుంది. 1850లలో మద్రాసులో అచ్చయిన బ్రౌను నిఘంటువుల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ దొర మాటను మాత్రమే రాయలేదు, జనం వాడే పలుకుబళ్ళను కూడా చేర్చాడు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కావ్యాలలోని మాటలకు గొప్ప కొలువు, కాని వంటింటి మాటకోసం తీసిన పుస్తకం కాదది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం రైతుల దగ్గరికి పోయి వ్యవసాయం మాటలు పోగుచేసింది. 1971లో రెండవ సంపుటం చేనేత మాటలు తెచ్చింది. మనకు కావలసిన దారి అది.

పర్యాయపదాలు పోగుచేసే పని తెలుగు గడ్డ మీదే జరగాలనే నియమం కూడా లేదు. అమరకోశం పద్ధతిలో తెలుగు మాటలను పద్యాలుగా కూర్చిన ఆంధ్రభాషార్ణవం తమిళ దేశంలో, పుదుక్కోట తొండమాన్ల ఆస్థానంలో పుట్టింది. దాన్ని రచించిన నుదురుపాటి వెంకన చుట్టూ ఉన్నది తమిళమే. బహుశా అందుకే తన మాటలు లెక్కపెట్టుకోవాలనిపించి ఉంటుంది. నలుగురూ మాట్లాడేచోట ఎవరూ మాటలు మూటగట్టరు. చేజారిపోతాయన్న భయం ఉన్నచోటే కడతారు.

ఆ భయం మనకు ఉండవలసినంత ఉందా? తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి పాఠం చేసింది. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసం. బడిలో తెలుగు తగ్గినప్పుడు పిల్లవాడికి మొదట పోయేవి లిపి, పద్యం అని మనం అనుకుంటాం, వాటికోసమే సభలు పెడతాం. కాని నేను చూసినంతలో వాటికన్నా ముందు, ఎవరికీ తెలియకుండా జారిపోయేది క్రియ. పేర్లు పట్టుకుని ఉంటారు. అమ్మ, అన్నం, ఇల్లు, పండుగ పోవు. ఇల్లు ఏం చేస్తోంది, అన్నం ఏమైంది అని చెప్పవలసి వచ్చినప్పుడు నోరు తడబడుతుంది, వెంటనే ‘చేయు’ను తోడు తెచ్చుకుంటుంది. తెలుగు పేర్లు తెలిసి తెలుగు క్రియలు తెలియని పిల్లవాడు మన బంధువులను పేరు పెట్టి పిలవగలడు గాని వాళ్ళ కష్టసుఖాలు చెప్పలేడు.

కాబట్టి ఒక చిన్న సూచన. మన ఊళ్ళలో తెలుగు సంఘాలు పిల్లలకు వ్యాసరచన పోటీలు, పద్యపఠన పోటీలు పెడుతూనే ఉన్నాయి. వాటితో పాటు ఒక్క ఇంగ్లీషు చిన్న మాట ఇచ్చి, అది వచ్చే ఇరవై వాక్యాలు ఇచ్చి, వాటిని తెలుగులో చెప్పుకు రమ్మనండి. ఒక షరతు పెట్టండి: ఒకే తెలుగు క్రియ రెండుసార్లకు మించి రాకూడదు, ‘చేయు’ అసలు రాకూడదు. పిల్లలు సొంతంగా రాయలేరు, ఇంట్లో అవ్వనో తాతనో అడగవలసి వస్తుంది. అడగడమే కావలసింది. ఈ నెల ‘రన్’, వచ్చే నెల ‘టేక్’, ఆ పైన ‘సెట్’. అలా పోగైన వాక్యాలను ఊరి పేరుతో సహా రాసిపెట్టుకుంటే హోసూరులో ఏమంటారో, షోలాపురంలో ఏమంటారో, బరంపురంలో ఏమంటారో తెలుస్తుంది. ఏ నిఘంటువులోనూ లేని క్రియలు కొన్ని బయటపడతాయని నా నమ్మకం.

అనువాదకులకు చెప్పదలచింది మాత్రం ఒక్కటే. చిన్న మాట కనబడినప్పుడు కలం ఒక క్షణం ఆపండి. ఆ మాటకు తెలుగేమిటని కాక, ఆ సమయంలో ఆ మనిషి మన ఇంట్లో ఉంటే మనం ఏమనేవాళ్ళమని ఆలోచించండి. తట్టకపోతే పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు ఉన్నంతకాలం ఆ అవకాశం ఉంది.